ఎండింది అనుకున్న టమాటా ఎందుకు బూజు పట్టింది? ఇంటి మిద్దె మీద సోలార్ డ్రైయర్‌తో నా అనుభవం

పైన వీడియో చూసినవాళ్ళకు మా మిద్దె, మిద్దె మీద అద్దం పెట్టె, పెట్టెలో టమాటా ముక్కలు కనిపించే ఉంటాయి. వీడియోలో అంతా సాఫీగా జరిగిపోయినట్టు ఉంటుంది. పొద్దున ముక్కలు పరిచాం, మర్నాడు మధ్యాహ్నం తీశాం, సీసాలో పోశాం. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ పన్నెండు నిమిషాల వెనక దిబ్బలో పారబోసిన సరుకు ఉంది, బెంగళూరు నుంచి తిరిగొచ్చిన ఒక పార్సిల్ ఉంది. అవి వీడియోలో పట్టలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా ఈ ఎండాకాలం పెట్టె చేయించుకోవాలనుకుంటే, ముందు ఇది చదివి తర్వాత వడ్రంగి దగ్గరికి వెళ్ళండి.

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, ఎండ ఉంటుంది కానీ ఉక్క ఉండదు. టమాటాకు పేరున్న ప్రాంతం. అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయ్యాక కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, తిరిగొచ్చి ఎకరంన్నరలో ప్రకృతి వ్యవసాయం పద్ధతిలో టమాటా పెడుతున్నాను. ఘనజీవామృతం, జీవామృతం, కషాయాలు, అన్నీ మీకు తెలిసినవే. పంట బాగానే వస్తుంది. ధర మాత్రం మన చేతిలో ఉండదు.

2023 మార్చిలో అదే జరిగింది. రెండో కోతకు మండీకి తీసుకెళ్తే బాక్సుకు వచ్చే డబ్బు కోతకూలీకీ ఆటో బాడుగకీ చాలలేదు. ఒక ట్రిప్పు తోలి, లెక్క చూసుకుని, మూడో కోతలో వచ్చిన ఎనిమిది బాక్సులూ ఇంటికే తెచ్చి వసారాలో పెట్టాను. ఆవులకు వేద్దామనే ఆలోచన. మా అవ్వ తిన్నె మీద కూర్చుని ఉంది. బాక్సుల వాసన తగిలి, "కోసి ఉప్పేసి మిద్దె మీద ఎండేయరాదా నాయనా, ఆవులకేసేదానికా ఇంత కష్టపడింది" అంది.

నేను నవ్వాను. వరుగులు ఎవరు తింటారవ్వా ఈ కాలంలో అన్నాను. అవ్వ ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం ఫోన్‌లో సోలార్ డ్రైయర్ వీడియోలు చూస్తూ కూర్చున్నాను. సన్ డ్రైడ్ టమాటా అని సీసాల్లో పెట్టి ఎంత ధరకు అమ్ముతున్నారో చూసేసరికి నిద్ర పట్టలేదు. అవ్వ చెప్పింది అదే. పేరు ఇంగ్లీషులో కనిపిస్తే గానీ నాకు ఎక్కలేదు.

మొదటి పెట్టె: టమాటా ఉడికింది

పాత కిటికీ అద్దాలు ఉన్నాయి, పాత చెక్కలు ఉన్నాయి. ఆరు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పుతో పెట్టె కొట్టించాను. లోపల అడుగున నల్ల రంగు వేసిన రేకు, పైన అద్దం. వేడి ఎంత ఎక్కువగా ఆగితే అంత మంచిదని నా లెక్క. అందుకని సందులన్నీ మైదా ముద్దతో మూసేశాను. గాలి పోవడానికి వెనక మాత్రం రెండు చిన్న రంధ్రాలు.

మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ పెడితే 80 దాటింది. సంతోషంగా కిందికి దిగి అవ్వకు చెప్పాను కూడా. సాయంత్రం వెళ్ళి చూస్తే అద్దం లోపలివైపంతా నీటి చుక్కలు. ఆ చుక్కలు మళ్ళీ ముక్కల మీదే పడుతున్నాయి. టమాటా ఎండలేదు, ఆవిరి మీద ఉడికింది. రాత్రంతా ఆ తడిలోనే ఉండి తెల్లారేసరికి పుల్లటి కుళ్ళు వాసన. ఐదు కిలోలూ దిబ్బలో పోశాను.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఎండబెట్టడం అంటే వేడి చేయడం కాదండి, నీళ్ళు బయటికి పంపడం. వేడి ముక్కలోని నీటిని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరిని మోసుకుపోయేది గాలి. గాలి కదలకపోతే ఆ ఆవిరి పెట్టెలోనే తిరుగుతూ ఉంటుంది. అవ్వవాళ్ళు మిద్దె మీద చాపేసి ఎండబెట్టినప్పుడు వేడి 40 దాటకపోయినా ఎండేది, ఎందుకంటే గాలికి అడ్డం లేదు. మనం అద్దం పెట్టి వేడి పెంచుకున్నాం, దుమ్మునీ ఈగల్నీ ఆపాం, దాంతోపాటు గాలినీ ఆపేశాం.

రెండోసారి ముందుగోడ కింద ఆరు రంధ్రాలు, వెనకగోడ పైన ఆరు రంధ్రాలు పెట్టించి అన్నిటికీ సన్న జాలీ కొట్టాను. వెనకవైపు నాలుగు అంగుళాల పైపు మూడడుగులది, నల్ల రంగేసి పొగగొట్టంలా నిలబెట్టాను. పైపు ఎండకు వేడెక్కితే లోపలి గాలి పైకి లేస్తుంది, దాని వెనకే కింద నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. ఫ్యానూ వద్దు, కరెంటూ వద్దు. ఒక అగరొత్తి వెలిగించి కింది రంధ్రం దగ్గర పెట్టి చూడండి. పొగ లోపలికి పీల్చుకుంటే మీ పెట్టె పనిచేస్తున్నట్టే. పొగ అక్కడే తారాడుతూ ఉంటే రంధ్రాలు పెంచాలి.

టమాటాకు లోపల 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటే చాలు. అంతకన్నా పెరిగితే రంధ్రాలు ఇంకా తెరవాలి. పెట్టె ముఖం దక్షిణం వైపు. అద్దం వాలు మనవైపు 15 డిగ్రీలు సరిపోతుంది, అంటే మూడడుగుల వెడల్పుకు వెనకగోడ ముందుగోడకన్నా తొమ్మిది అంగుళాలు ఎత్తు ఉండాలి. అద్దం దొరక్కపోతే పాలీహౌస్‌కు వాడే 200 మైక్రాన్ల యూవీ షీటు వేసుకోవచ్చు. అడుగున రేకుకీ చెక్కకీ మధ్య నేను శెనక్కాయ పొట్టు నింపాను. వడ్ల పొట్టు అయినా పనికొస్తుంది. వేడి కిందికి పోకుండా ఆపడానికి అది.

ట్రేల విషయంలో మాత్రం కక్కుర్తి పడొద్దు. కోళ్ళ గూడుకు వేసే జింకు పూత మెష్ మీద టమాటా వేయకూడదు. పులుపుకు జింకు కరిగి ముక్కలోకి వస్తుంది. అల్యూమినియంతోనూ అదే బాధ. స్టెయిన్‌లెస్ స్టీల్ మెష్ గానీ, ఆహారానికి పనికొచ్చే నైలాన్ వల గానీ వాడండి. డబ్బులు ఎక్కువైతే ట్రేలు తక్కువ చేసుకోండి.

బెంగళూరు పార్సిల్

ఏప్రిల్ వచ్చేసరికి పెట్టె దారికొచ్చింది. ముక్కలు ఎర్రగా, ముడతలు పడి, చేత్తో పట్టుకుంటే గట్టిగా వస్తున్నాయి. ఫొటోలు తీసి తెలిసినవాళ్ళకు పంపితే బెంగళూరులో ప్రకృతి వ్యవసాయ సరుకులు అమ్మే ఒక షాపు ఆయన రెండు కిలోలు పంపమన్నారు. వంద గ్రాముల ప్యాకెట్లు ఇరవై. ముప్పై కిలోల టమాటా, ఆరు విడతలు, దాదాపు పది రోజులు పట్టింది. చివరి విడత సాయంత్రం పెట్టెలోంచి తీసి, వేడి వేడిగానే కవర్లలో వేసి, సీలు చేసి, మర్నాడు పొద్దున బస్సుకు వేసేశాను. ఇంట్లో అందరికీ బిర్యానీ తెచ్చాను ఆ రోజు.

పన్నెండో రోజు షాపు ఆయన వాట్సాప్‌లో ఫొటో పంపారు. ప్యాకెట్ లోపల తెల్లటి మచ్చలు, ఒక ముక్క మీద నూగు నూగుగా బూజు. ఒక కస్టమర్ ఇంటికి తీసుకెళ్ళి, విప్పి చూసి వెనక్కి తెచ్చి ఇచ్చారట. చిన్నపిల్ల ఉన్న ఇల్లు. తినలేదు, అదొక్కటే నా అదృష్టం. ఆయన కోప్పడలేదు. "సర్, మీరు రైతు అని నమ్మి పెట్టుకున్నాను" అన్నారు, అంతే. ఇరవై ప్యాకెట్లలో ఏడు పాడయ్యాయి. మిగతా పదమూడూ నేనే తెప్పించేసుకున్నాను, డబ్బు తిరిగి పంపాను, రానూపోనూ పార్సిల్ ఖర్చు పెట్టుకున్నాను. డబ్బు పెద్దది కాదు. కానీ నాలుగైదు రోజులు ఎవరి ఫోనూ ఎత్తబుద్ధి కాలేదు.

డిప్లొమాలో వడ్లు నిల్వ చేయాలంటే తేమ 14 శాతం లోపు ఉండాలని చదివాను, పరీక్షలో రాశాను. కూరగాయల వరుగులకు పది శాతం లోపు అని కూడా తెలుసు. కానీ పది శాతం అంటే చేతికి ఎలా తగులుతుందో నాకు తెలియదు. అది అవ్వకు తెలుసు.

తిరిగొచ్చిన కవర్లు విప్పి తిన్నె మీద కుప్ప పోస్తే అవ్వ దగ్గరికి జరిగింది. అప్పటికి ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు, మనిషిని గొంతుతోనే గుర్తుపట్టేది. ఒక ముక్క తీసి స్టీలు తట్టలో పైనుంచి వేసింది. మెత్తగా పడింది. "సప్పుడు వచ్చిందా? రాలేదు గదా. పైన ఎండింది, లోపల నీళ్ళు దాచిపెట్టుకోనుంది" అంది. ఇంకో ముక్క తీసి మధ్యకు చీల్చి నా చేతిలో పెట్టింది. నిజమే, లోపల జిగురుగా, చల్లగా ఉంది. పైన మాత్రం తోలులా గట్టిగా ఉంది. "ముక్క లావుగా కోసినావు, మంట మీద పెట్టినట్టు పెట్టినావు. తోలు కట్టేసింది."

ఆమె తోలు కట్టడం అన్నదాన్నే మా పుస్తకాల్లో పై పొర గట్టిపడటం అంటారు. ముక్క లావుగా ఉండి, మొదట్లోనే వేడి మరీ ఎక్కువైతే, పైనున్న నీళ్ళు గబగబా పోయి పైపొర బిగుసుకుంటుంది. లోపలి నీటికి దారి ఉండదు. చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది. సీలు చేశాక నాలుగైదు రోజుల్లో లోపలి తేమ మెల్లగా పైకి వస్తుంది, బూజుకు అంతకన్నా ఏం కావాలి. పైగా నేను వేడిగా ఉండగానే కవర్లో వేశాను. చల్లారినప్పుడు కవరు లోపల చెమర్చింది. రెండు తప్పులూ నావే. పెట్టెది కాదు, టమాటాది కాదు.

అప్పట్నుంచి చేస్తున్న పద్ధతి

మేలో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరికీ అమ్మకుండా ఇంటికోసమే. దోర మీద కాకుండా బాగా ఎర్రగా పండి, గట్టిగా ఉన్న కాయలు ఏరుకుని, పావు అంగుళం మందాన చక్రాల్లా కోశాం. కిలోకు ఒక చెంచా ఉప్పు చల్లి అరగంట ఉంచితే ముక్కలు నీళ్ళు వదులుతాయి. ఆ నీళ్ళు వంచేసి (పారబోయకండి, చారుకు బ్రహ్మాండంగా ఉంటాయి) ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా ట్రేలో పరచాలి. చదరపు మీటరుకు మూడు కిలోలకు మించి వేయకూడదు. నా పెట్టెకు ఐదు కిలోలు హద్దు.

ఎందుకు ఐదు కిలోలే అని చాలామంది అడుగుతుంటారు. లెక్క చెప్తాను. టమాటాలో దాదాపు 94 శాతం నీళ్ళే. పది కిలోల టమాటాలో గట్టి పదార్థం 600 గ్రాములు. పది శాతం తేమ మిగిల్చి ఎండబెడితే సుమారు 670 గ్రాములు వస్తుంది. అంటే తొమ్మిది లీటర్లకు పైగా నీళ్ళు గాల్లోకి పంపాలి. మన ఎండాకాలంలో చదరపు మీటరు మీద రోజుకు పడే ఎండ ఐదారు యూనిట్ల కరెంటుతో సమానం. అదంతా నీటికే పనికొస్తే ఎనిమిది లీటర్లు ఆవిరవ్వాలి. కానీ ఇంట్లో చేసుకున్న పెట్టెలో మూడోవంతు కూడా దక్కదు, రెండు, రెండున్నర లీటర్లు అనుకోండి. నా పెట్టె అద్దం చదరపు మీటరు మీద మూడింట రెండు వంతులు ఉంటుంది, అంటే రోజుకు నాలుగు లీటర్లు. ఐదు కిలోల టమాటాకు రోజున్నర. పది కిలోలు కుక్కితే మూడు రోజులు పడుతుంది, ఈలోపు రెండో రాత్రికే పులుపెక్కుతుంది. పెట్టె పెద్దదని సరుకు ఎక్కువ వేయడం కాదు, ఎండ ఎంత మోయగలదో అంతే వేయాలి.

మొదటి రెండు మూడు గంటలు రంధ్రాలన్నీ తెరిచి పెట్టి 50 డిగ్రీల లోపే ఉంచుతాను. గాలి బాగా ఆడి పైతడి పోయాక కొన్ని రంధ్రాలు మూసి 55, 60కి తెస్తాను. మధ్యాహ్నం ఒకసారి ముక్కలు తిప్పాలి. సాయంత్రం ఐదింటికల్లా ట్రేలు ఇంట్లోకి తేవాలి. రాత్రి మంచుకు వదిలేస్తే పగలు పోయిన తేమలో కొంత మళ్ళీ లాక్కుంటాయి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ చాలామంది దగ్గర సరుకు చెడిపోయేది ఇక్కడే.

తీశాక అవ్వ పరీక్ష. చల్లారనిచ్చి తట్టలో వేస్తే గలగలమనాలి. చీలిస్తే లోపల జిగురు తగలకూడదు. ఆ తర్వాత నా పరీక్ష ఒకటి ఉంది. ఎండిన ముక్కల్ని గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి, మూత బిగించి, వారం నుంచి పది రోజులు నీడలో పెట్టి, రోజూ ఒకసారి బాగా ఊపి చూడాలి. కొన్ని ముక్కల్లో తేమ ఎక్కువుంటే అన్నిటికీ సమంగా సర్దుకుంటుంది. సీసా గోడకు చెమర్చినట్టు కనిపించిందా, మళ్ళీ ఎండలో వేయాలి. బూజు కనిపించిందా, ఏరి పారేసి మిగతాది ఉంచుకోవడం కాదు, సీసా మొత్తం పారేయాలి. ఈ పది రోజుల ఓపిక నాకు ఏప్రిల్‌లో ఉండి ఉంటే ఆ పార్సిల్ తిరిగొచ్చేది కాదు.

పురుగు గుడ్ల భయం ఉంటే, ఫ్రీజర్ ఉన్నవాళ్ళు ప్యాకెట్‌ను మైనస్ 18 డిగ్రీల్లో రెండు రోజులు పెట్టి తీస్తే సరిపోతుంది. తీశాక మామూలు వేడికి వచ్చేదాకా మూత తెరవకండి, తెరిస్తే మళ్ళీ చెమ్మ.

రెండో రోజు మబ్బు పట్టిందనుకోండి, ఏం చేయాలి? మామిడి వానలు మనకు చెప్పి రావు. సగం ఎండిన ముక్కల్ని రేపు చూద్దాంలే అని పెట్టెలో వదలకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి ఎండ వచ్చాక కొనసాగించొచ్చు. లేదా ఆ పూటే ఉల్లిపాయ, వెల్లుల్లితో వేయించి పచ్చడి నూరేసుకోండి. సగం ఎండిన టమాటా పచ్చడి రుచి గురించి నేను చెప్పను, చేసుకుని చూడండి.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకు ఒక మాట. మన పొలంలో రసాయనం లేదు కాబట్టి కడగకపోయినా ఫర్వాలేదనుకునేవాళ్ళను చూశాను. మనం వాడేది పేడ, మూత్రం కలిసిన జీవామృతం. ఈ ఎండ వేడికి నీళ్ళు పోతాయి గానీ సూక్ష్మజీవులన్నీ చావవు. కాబట్టి కాయల్ని మంచినీళ్ళలో రెండు మూడు సార్లు కడిగి, తుడిచి, ఆరిన తర్వాతే కోయాలి. కత్తి, పలక, చేతులు కూడా అంతే. కోతకు ముందు రోజుల్లో కాయల మీద పిచికారీ ఆపేయండి.

అలాగే మిరపకాయలు, శెనక్కాయలు నేల మీద పోసి ఎండబెట్టే అలవాటు మానుకోవాలి. నేల తేమకు పట్టే కొన్ని బూజుల వల్ల అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కంటికి కనపడదు, కడిగితే పోదు, వేయించినా పూర్తిగా పోదు. కింద పట్టా అయినా వేయండి. మంచం మీద వల పరిచి, కింద నుంచి కూడా గాలి ఆడేలా చేస్తే ఇంకా మేలు.

ఇప్పుడు అవ్వవాళ్ళ వంటకాల గురించి. పెట్టె వచ్చాక నాకు వాటి మీద గౌరవం పెరిగింది. బూడిదగుమ్మడి వడియాలకు ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా రోలు కింద పెట్టి నీళ్ళు పిండేస్తారు. పొద్దున మినప్పిండి కలిపి పెడతారు. అంటే ఎండ చేయాల్సిన పనిలో సగం రాత్రే ఉప్పూ బరువూ చేసేశాయి. చల్ల మిరపకాయలు చూడండి. గాటు పెట్టిన పచ్చిమిరపను రాత్రి ఉప్పేసిన పుల్ల మజ్జిగలో నానబెట్టడం, పగలు ఎండలో వేయడం, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో. మూడు నాలుగు రోజులు ఇలా చేస్తే మజ్జిగంతా కాయలోకి పోతుంది. లావు కాయ ఎండడానికి రోజులు పడుతుంది, ఆ రోజుల్లో బూజు పట్టకుండా ఉప్పూ పులుపూ కాపలా కాస్తున్నాయన్నమాట. గోరుచిక్కుళ్ళు, మావైపు మటిక్కాయలంటారు, వంకాయ, కాకర, వీటిని ఉప్పు పసుపు వేసిన మరుగు నీళ్ళలో ఒక ముంచు ముంచి తీసి ఎండబెడతారు. రంగు పాడుచేసే గుణం ఆ వేడికి ఆగిపోతుంది, తొందరగా ఎండుతాయి కూడా. పుల్ల మామిడి ఒరుగులకు అదీ అక్కర్లేదు, కోసి వేయడమే.

ఆకులకు మాత్రం నేరుగా ఎండ పనికిరాదు. మునగాకు, కరివేపాకు ఎండలో పెడితే రంగు చచ్చిపోతుంది, విటమిన్ ఎ ఇచ్చే పదార్థం చాలావరకు పోతుంది. నేను అదే పెట్టె వాడతాను, కానీ అద్దం మీద నల్లగుడ్డ కప్పేస్తాను. వెలుగు లోపలికి పోదు, గుడ్డా అద్దమూ వేడెక్కి లోపల గోరువెచ్చగా గాలి ఆడుతుంది. ఆకు పచ్చగానే ఉండి, నలిపితే పొడి అవుతుంది.

వరుగులు తాజా కూరగాయతో సమానం అని ఎవరైనా చెప్తే నమ్మకండి. విటమిన్ సి చాలా పోతుంది. పీచు, ఖనిజాలు, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ లాంటివి నిలబడతాయి. పారేసేదాన్ని తినేదిగా చేసుకోవడమే ఇక్కడ లాభం.

గిట్టుబాటు అవుతుందా?

నిజం చెప్తాను, ఎప్పుడూ కాదు. కిలో ఎండు టమాటాకు పదిహేను కిలోల పచ్చి టమాటా కావాలి. కిలో ఐదు రూపాయలున్నప్పుడు సరుకు 75 రూపాయలు. కడగడం, కోయడం, పరచడం, తిప్పడం కలిపి నాలుగు గంటల మనిషి పని, మావైపు కూలీ లెక్కన 200. సీసాలు, కవర్లు, లేబుళ్ళు 60. మొత్తం 335. ట్రేలు, అద్దం అరుగుదల, చెడిపోయేది కలుపుకుంటే 400 దగ్గర పడుతుంది. 500కు తక్కువ అమ్మితే నాకు మిగలదు. అదే టమాటా కిలో ఇరవై ఉంటే సరుకే 300 అవుతుంది, అప్పుడు మండీకి తోలేయడమే మేలు. అంటే ఈ పెట్టె ధర పడిపోయిన నెలల కోసం, గ్రేడింగ్‌లో పక్కకు తీసేసే కాయల కోసం. పంటంతా ఎండబెట్టి అమ్ముతానని అప్పు చేసి పెద్ద టన్నెల్ డ్రైయర్ వేయకండి. ముందు ఇరవై సీసాలు అమ్మి చూడండి. అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, లేబుల్ మీద తేదీ, బరువు, ఉప్పు వేస్తే ఉప్పు అని రాయాలి. నిజంగా యూనిట్ పెట్టే స్థాయికి వస్తే, 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో బ్యాంకు లోనుతో కలిపి 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల వరకు సబ్సిడీ పెట్టారు, అది ఇప్పుడు అమల్లో ఉందో లేదో ముందు కనుక్కోండి. సబ్సిడీ ఉంది కదా అని మాత్రం యూనిట్ పెట్టకండి.

ఆ మేలో ఎండబెట్టిన మూడు కిలోలూ ఇంట్లోనే ఉంచాం. జులై వచ్చింది. టమాటా కిలో వంద దాటింది. మార్చిలో ఆవులకు వేద్దామనుకున్నవాణ్ణి, ఇప్పుడు ఊళ్ళో అంగట్లో ఎవరూ కొనలేక పక్కకు పోతుంటే చూస్తున్నాను. మా తోటలో అప్పుడు కాయ లేదు. మాయమ్మ రోజూ సీసాలోంచి ఒక గుప్పెడు తీసి వేడినీళ్ళలో నానేసి పప్పులో వేసేది. పక్కింటి అక్క వచ్చి, మీరేమన్నా దాచిపెట్టుకున్నారా టమాటాలు, వాసనొస్తోంది అని అడిగింది. ఒక సీసా ఇచ్చి పంపాం.

అదే నెలలో బెంగళూరు షాపు ఆయనకు ఫోన్ చేశాను. చేయడానికి రెండు రోజులు వెనకాడాను. మేలో చేసిన సరుకు రెండు నెలలుగా నా దగ్గరే ఉంది, బూజు లేదు, నాలుగు సీసాలు ఉచితంగా పంపుతాను, మీరు నెల రోజులు షాపులో పెట్టుకుని మీరే విప్పి చూడండి, అమ్మొద్దు అని చెప్పాను. సరేనన్నారు. ఆగస్టు చివర్లో ఆయనే ఫోన్ చేసి పది సీసాలు అడిగారు. నా దగ్గర లేవు. వచ్చే మార్చి దాకా ఆగమన్నాను, ఆగారు. ఇప్పటికీ ఆయనకు పంపే ప్రతి విడతా పది రోజులు మా వసారాలో సీసాల్లో ఉండి, ఊపించుకుని, ఆ తర్వాతే బస్సెక్కుతుంది.

అవ్వకు ఆ చలికాలంలో ఒక కంటికి ఆపరేషన్ చేయించాం. చూపు బాగానే వచ్చింది. అయినా ముక్క ఎండిందో లేదో తట్టలో వేసి వినే చూస్తుంది. వీడియో చివర్లో మీకు వినిపించే ఆ గలగల చప్పుడు అదే, కొంచెం సౌండ్ పెంచుకుని వినండి. పెట్టె కొలతలు, రంధ్రాల ఎడం, పైపు బిగించే చోటు అన్నీ అందులో టేపు పట్టి చూపించాను. మీ వడ్రంగికి అదే చూపించండి. కోస్తావైపు వాళ్ళకు మాత్రం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చదరపు మీటరుకు రెండు కిలోలతోనే మొదలుపెట్టండి, పొద్దున తొమ్మిది దాటాకే ట్రేలు బయట పెట్టండి.